పోర్టర్లు మోసిన పత్రిక: రాబర్ట్ అబట్, షికాగో డిఫెండర్ – ఒక కేస్ స్టడీ

1905 మే 5న అమెరికాలోని షికాగోలో ‘డిఫెండర్’ అనే నల్లజాతివాళ్ల వారపత్రిక తొలి సంచిక వచ్చింది. నాలుగు పేజీలు, పేజీకి ఆరు కాలమ్‌లు, 300 కాపీలు, కాపీ ధర 2 సెంట్లు. అచ్చు బిల్లు 13 డాలర్ల 75 సెంట్లు, అదీ అరువు మీద. పెట్టిన రాబర్ట్ సెంగ్‌స్టాక్ అబట్ జేబులో ఉన్నది 25 సెంట్లు.

లెక్క వేసి చూద్దాం. ఒక్క కాపీ మిగలకుండా అమ్ముడైనా వచ్చేది 6 డాలర్లు. అచ్చు బిల్లు తీరాలంటే 688 కాపీలు పోవాలి. చిన్న పత్రికలు మొదటి ఏడాదిలోనే మూతపడేది ఇక్కడే. అక్షరాలు పేర్చే కూలి, వాటిని చట్రంలో (ఫారంలో) బిగించే కూలి 300 కాపీలకైనా 3,000 కాపీలకైనా ఒక్కటే. కాపీలు పెరిగితే పెరిగేది కాగితం, సిరా, మిషను తిరిగే గంటలు మాత్రమే. అంటే 300 దగ్గర ఆగిన పత్రిక ప్రతి వారం చేతి చమురు వదిలించుకోవాల్సిందే. తొలి సంచిక నుంచే అబట్ ముందున్న పని కాపీలు పెంచడం. పెంచాలంటే తీసుకెళ్లి ఇచ్చే మనుషులు కావాలి. ఈ కేసులో అసలు విషయం ఆ మనుషులే. డిఫెండర్ రాతల గురించి అందరూ మాట్లాడతారు, కానీ ఆ పత్రికను పెంచింది దాన్ని మోసినవాళ్లు. వాళ్లతో తేడా వచ్చినప్పుడు పత్రికకు దెబ్బ తగిలింది.

అబట్ 1870లో జార్జియా తీరంలోని సెయింట్ సైమన్స్ దీవిలో పుట్టారు. తల్లిదండ్రులు బానిసత్వంలో పుట్టినవాళ్లు. తండ్రి చిన్నప్పుడే పోయారు. తల్లి ఫ్లోరా తర్వాత పెళ్లి చేసుకున్న జాన్ సెంగ్‌స్టాక్ జర్మన్, నల్లజాతి మిశ్రమ సంతతివాడు. ఆయన బడి నడిపారు, చర్చిలో బోధించారు, సవానా దగ్గర ఒక చిన్న పత్రిక కూడా తెచ్చారు. కాబట్టి అబట్‌కు అచ్చు సిరా వాసన ఇంట్లోనే తెలుసు. వర్జీనియాలోని హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో 1892 నుంచి 1896 దాకా ప్రింటింగ్ పని నేర్చుకున్నారు. మధ్యలో 1893లో హాంప్టన్ గాయకబృందంతో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్లినప్పుడే ఆ ఊరు మొదటిసారి చూశారు. తర్వాత అక్కడే కెంట్ కాలేజీలో లా చదివి పట్టా తీసుకున్నారు. అయితే షికాగో కోర్టుల్లో నెగ్గుకు రావడానికి నీ రంగు మరీ నలుపు అని చెప్పింది ఒక పేరున్న నల్లజాతి లాయరే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత ప్రకటనల దగ్గర మళ్లీ వస్తుంది.

అప్పటికే షికాగోలో కన్సర్వేటర్, బ్రాడ్ యాక్స్ లాంటి నల్లజాతి పత్రికలు ఉన్నాయి. 1900 జనాభా లెక్కల్లో ఊళ్లో నల్లజాతివాళ్లు సుమారు 30 వేలు. ఆ సంఖ్యకు ఇంకో పత్రిక ఎందుకు అని అడగడంలో తప్పు లేదు. అబట్ దగ్గర జవాబు ఏమీ లేదు, ఓపిక మాత్రం ఉంది. ఒక ఆఫీసులో బల్ల, మడత కుర్చీ అద్దెకు తీసుకుని మొదలుపెట్టి, అదీ కట్టలేక, స్టేట్ స్ట్రీట్‌లో తాను అద్దెకుంటున్న హెన్రియెటా లీ ఇంటికి పని మార్చారు. ఆమె అద్దె బకాయి అడగకుండా ఊరుకోవడమే కాదు, తన భోజనాల బల్లను ఆఫీసుగా వదిలేశారు, ఆమె కూతురు పనిలో చెయ్యి వేసింది. పత్రిక నిలదొక్కుకున్నాక అబట్ ఆమెకు ఇల్లు కొనిచ్చారు. డిఫెండర్ లెక్కల పుస్తకంలో పెట్టుబడిదారు ఎవరని వెతికితే మొదటి పేరు ఆమెదే కావాలి.

రాసేదీ ఆయనే, ప్రూఫు దిద్దేదీ ఆయనే, చంకన పెట్టుకుని చర్చిలు, క్షౌరశాలలు, బిలియర్డ్స్ హాళ్లు తిరిగి అమ్మేదీ ఆయనే. అలా తిరగడంలో రెండు పనులు జరిగేవి. కాపీ పోయేది, కబురు వచ్చేది. ఎవరింట పెళ్లి, ఎవరు ఊరి నుంచి వచ్చారు, ఎవరికి ఉద్యోగం పోయింది, ఇవన్నీ వచ్చే వారం వార్తలు. విలేకరికి జీతం ఇవ్వలేని పత్రికకు అమ్మే మనిషే విలేకరి కావడం తప్పదు. అబట్ ఈ సూత్రాన్ని ఊరు దాటించారు, గొప్పతనం అక్కడుంది.

రైలు దారి

పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీల్లో పడకలు వేసి, సామాను మోసి, బూట్లు తుడిచే పోర్టర్లు దాదాపు అందరూ నల్లజాతివాళ్లే. 1920ల నాటికి వాళ్లు 10 వేలకు పైనే. షికాగో రైళ్లకు పెద్ద జంక్షన్. ఇల్లినాయ్ సెంట్రల్ లైను అక్కడ బయల్దేరి మెంఫిస్, జాక్సన్ మీదుగా న్యూ ఆర్లీన్స్ దాకా, అంటే నేరుగా పత్తి పొలాల నడిబొడ్డుకు దిగుతుంది. దక్షిణాదిలో తెల్లవాళ్ల చేతిలోని పత్రికల ఏజెన్సీలు ఈ పత్రికను ముట్టుకోవు. పోస్టులో పంపితే ఏ ఊళ్లో ఎవరికి వస్తోందో ఊరంతటికీ తెలిసిపోతుంది. పోర్టరు తీసుకెళ్లే కట్ట మాత్రం ప్లాట్‌ఫారం మీద చేతి నుంచి చేతికి పోతుంది. అక్కడి నుంచి బార్బరు షాపుకో, చర్చికో చేరుతుంది. ఊరూరా తిరిగే నాటక, సంగీత బృందాలు కూడా ఇలాగే మోసుకెళ్లేవి.

తిరుగు ప్రయాణం కూడా ఖాళీగా ఉండేది కాదు. ప్రయాణికులు సీట్ల మీద వదిలేసిన ఊరూరి దినపత్రికలను పోర్టర్లు, డైనింగ్ కార్ వెయిటర్లు ఏరి తెచ్చి డిఫెండర్ ఆఫీసులో పడేసేవాళ్లు. 1910లో చేరిన మొదటి జీతగాడు జె. హాక్లీ స్మైలీ ఆ పోగులో కత్తెర పెట్టి, నల్లజాతివాళ్ల మీద జరిగిన ప్రతి దాడినీ, ప్రతి తీర్పునూ బయటికి లాగేవారు. ఫ్రాంక్ యంగ్ అనే డైనింగ్ కార్ వెయిటరు అలా పేపర్లు తెచ్చిస్తూ తెచ్చిస్తూ చివరికి ఆ పత్రికకు క్రీడల ఎడిటరు అయ్యారు. తంతి మీద వార్తలు పంపే వైర్ సర్వీసుకు కట్టే చందా లేదు, విలేకరుల బత్తెం లేదు, అయినా దేశమంతటి వార్త ప్రతి వారం బల్ల మీదికి వచ్చేది.

స్మైలీ చేసిన ఇంకో పని పత్రిక ముఖం మార్చడం. పేజీ అడ్డంగా పెద్ద హెడ్డింగులు, ఎర్ర సిరా, నాటకాలకు, క్రీడలకు, సంపాదకీయాలకు విడివిడి విభాగాలు వచ్చాయి. ‘నీగ్రో’ అనే మాట బదులు ‘రేస్’ (జాతి) అనే మాట వాడారు. వీధిలో నడిచే మనిషిని ‘రేస్ మ్యాన్’ అని తలెత్తించి పిలిచే పత్రిక అది. దక్షిణాది ఊళ్లలో చదవడం వచ్చినవాళ్లు చదువుతుంటే తక్కినవాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు. అందుకే అమ్ముడైన కాపీల లెక్క ఈ పత్రిక పరిధిని సగం కూడా చెప్పదు. 1920 ప్రాంతానికి పత్రిక తానే చెప్పుకున్న సర్క్యులేషన్ 2,30,000. అందులో మూడింట రెండు వంతులు షికాగో బయటే.

ఇక్కడ కాస్త ఆగాలి. ప్రచురణకర్తలు చెప్పుకునే సంఖ్యను ఎప్పుడూ కాస్త తగ్గించి చూడాలి. కానీ ఈ పత్రిక ప్రభావానికి వేరే కొలత ఉంది. మిసిసిపీ 1920లో సామాజిక సమానత్వాన్ని సమర్థించే రాతల అచ్చు, పంపిణీ నేరమని చట్టం చేసింది. ఆర్కన్సా గవర్నరు 1919లో డిఫెండర్‌ను పోస్టులో ఆపమని కేంద్రాన్ని అడిగారు. ఎక్కడో వందల మైళ్ల దూరంలో అచ్చయ్యే వారపత్రిక కోసం ఇంత హడావుడి ఊరికే జరగదు.

1917 మే 15

ఉత్తరాదికి వలస రండి అని దక్షిణాది నల్లజాతివాళ్లను డిఫెండర్ మొదటి నుంచీ పిలిచిందనుకుంటే పొరపాటు. 1915 దాకా ఆ పత్రిక ఊగిసలాడింది, ఉన్నచోటే నిలబడి పోరాడమని కూడా రాసింది. యూరప్ యుద్ధంతో అక్కడి నుంచి వలసలు ఆగి, షికాగో కసాయిశాలలకు, ఉక్కు కర్మాగారాలకు కూలీల కొరత వచ్చాక 1916లో మాట మారింది. తర్వాత వెనక్కి చూడలేదు. రైలు వేళలు, ఉద్యోగాల ప్రకటనలు, ఉత్తరాది పాఠశాలల ఫొటోలు, వాటి పక్కనే దక్షిణాది లించింగుల (నల్లజాతివాళ్లను గుంపులు చంపడం) వార్తలు వేశారు. పదిమంది నుంచి యాభైమంది దాకా ‘క్లబ్బు’గా కూడితే రైలు టిక్కెట్టులో రాయితీ వస్తుందనే కబురు కూడా అలా పాకిందే. దక్షిణాది ఊళ్లు బెదిరిపోయాయి. జార్జియాలోని మేకన్ పట్టణం కూలీలను తీసుకుపోయే ఏజెంటుకు 25,000 డాలర్ల లైసెన్సు ఫీజు పెట్టింది. ఏజెంటును ఆపొచ్చు, పేపరును ఆపడం ఎలా?

1917 మే 15ను ‘గ్రేట్ నార్తర్న్ డ్రైవ్’ రోజుగా డిఫెండర్ చాటింది. ప్రచారం చేసేవాళ్లు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవాలి. ‘ఎప్పుడో వెళ్దాం’ అనుకునే మనిషికి తేదీ ఒకటి ఇస్తే మూటాముల్లె సర్దుకుంటాడు. ఆ రకంగా ఎత్తు పారింది. కానీ ఆ రోజు ప్రత్యేక రైళ్లు వస్తాయని, ఛార్జీ నామమాత్రమని ఊళ్లలో పుకారు పుట్టింది. అలాంటి రైళ్లేవీ లేవు. ఉన్నది అమ్ముకుని స్టేషనుకొచ్చి ఎదురుచూసినవాళ్లున్నారు. తేదీ ప్రకటించేవాడు ఆ తేదీన ఏం ఉంటుందో, ఏం ఉండదో రెండూ రాయాలి. రెండోది రాయకపోతే ఖాళీని పుకారు నింపుతుంది.

పత్రికకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. టిక్కెట్టు పంపగలరా, ఫౌండ్రీలో పని ఉందా, ఇల్లు దొరుకుతుందా అని అడిగేవాళ్లు. కొన్నింటిని ఎమ్మెట్ స్కాట్ 1919లో ఒక చరిత్ర పత్రికలో అచ్చువేయబట్టి ఈనాటికీ చదవగలుగుతున్నాం. వాటికి జవాబు చెప్పే యంత్రాంగం పత్రిక దగ్గర లేదు. నగరాల్లో నల్లజాతివాళ్లకు సాయపడే అర్బన్ లీగ్‌కు, చర్చిలకు దారి చూపేవాళ్లు. ఆ పని పంచుకోవడం తెలివైన పని. పత్రిక పిలవగలదు గాని ఇల్లు చూపించలేదు. షికాగో నల్లజాతి జనాభా 1910లో 44,103, 1920లో 1,09,458. వచ్చినవాళ్లంతా ఇరుకు బస్తీలోనే సర్దుకోవాల్సి వచ్చింది. ట్రాములో గట్టిగా మాట్లాడకండి, ఏప్రన్‌తో వీధిలోకి రాకండి అంటూ కొత్తవాళ్లకు డిఫెండర్ బుద్ధులు కూడా అచ్చువేసింది. ఆ గొంతులో పెద్దరికం కాస్త ఎక్కువైంది.

ఎక్కడ తప్పు జరిగింది

1919 జులై 27న ఒక నల్లజాతి కుర్రాడు మిషిగన్ సరస్సులో తెల్లవాళ్ల తీరం వైపు తేలుతూ పోయాడని రాళ్లు రువ్వారు, అతను మునిగిపోయాడు. ఆ తర్వాత జరిగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు. 23 మంది నల్లజాతివాళ్లు, 15 మంది తెల్లవాళ్లు. ఆ వేడిలో డిఫెండర్ ఒక తల్లినీ బిడ్డనూ గుంపు చంపిందని భయంకరమైన వివరాలతో రాసింది. అలాంటి ఘటనే జరగలేదని తర్వాత విచారణ కమిషన్ తేల్చింది. ఆ కమిషన్‌లో ఆరుగురు నల్లజాతివాళ్లు, ఆరుగురు తెల్లవాళ్లు. అందులో అబట్ ఒకరు. తన పత్రిక చేసిన తప్పును ఎత్తిచూపిన నివేదికలో తానూ సభ్యుడు. అప్పటి తెల్ల దినపత్రికలు అంతకంటే ఘోరంగా రాశాయన్నది నిజమే. కానీ ఎర్ర అక్షరాల హెడ్డింగు పాఠకుణ్ని పట్టడానికి పనికొచ్చినట్టే, సరిచూసుకోని కబురును మంటగా మార్చడానికీ పనికొస్తుంది. అల్లరి రోజుల్లో రెండో మనిషి సరిచూడనిదే చావు వార్త అచ్చుకు ఎక్కకూడదు.

అల్లర్ల వారంలో షికాగోలో అచ్చు కుదరక పత్రికను పక్క రాష్ట్రం ఇండియానాలోని గ్యారీలో అచ్చువేసుకోవాల్సి వచ్చింది. లక్షల కాపీల వారపత్రికకు ఇది చావుదెబ్బ లాంటి హెచ్చరిక. బల్లపరుపు మీద ఒక్కో కాగితం అచ్చువేసే ఫ్లాట్‌బెడ్ మిషను గంటకు 1,500 ఇంప్రెషన్లు (అచ్చులు) వేస్తుందనుకుందాం. కాగితానికి రెండు వైపులు. 2 లక్షల కాపీలకు 266 గంటలు దాటుతుంది, వారంలో ఉన్నవి 168. అందుకే ఇంత సర్క్యులేషన్‌కు తిరిగే సిలిండర్లతో వేగంగా అచ్చువేసే రోటరీ మిషను తప్పదు, రోటరీ ఉన్నది పరాయి చేతిలో. అబట్ గుణపాఠం వెంటనే నేర్చుకున్నారు. 1920లో ఇండియానా అవెన్యూ 3435 నంబరులోని పాత యూదుల ప్రార్థనామందిరాన్ని కొని, సొంత ప్రెస్సు పెట్టారు. అయితే ప్రింటర్ల యూనియన్లు నల్లజాతివాళ్లను చేర్చుకోవు కాబట్టి ఆ మిషను నడపడానికి మొదట తెల్లవాళ్లనే పెట్టుకోవాల్సి వచ్చింది. యూనియన్లన్నీ మాకూ తలుపు తెరవాలన్నది ఆ పత్రిక లక్ష్యాల జాబితాలోనే ఉంది.

ఇక ప్రకటనలు. పెద్ద కంపెనీలు నల్లజాతి పత్రికలకు ప్రకటనలు ఇచ్చేవి కావు. పత్రిక బతికింది ప్రధానంగా పాఠకుడి నాణెం మీద. అందుకే అంత నిర్భయంగా రాయగలిగింది. కానీ దొరికిన ప్రకటనల్లో ఒంటిరంగు తెల్లబరిచే క్రీములు, జుట్టు సాపు చేసే మందులు చాలా ఉండేవి. రంగు కారణంగా కోర్టు గుమ్మం ఎక్కలేకపోయిన మనిషి పత్రికలో అవి వారం వారం రావడం బాధ కలిగిస్తుంది. ఖాళీ పేజీ కంటే డబ్బు మేలన్న లెక్క తప్ప మరో వివరణ లేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు 1925లో మొదలైంది. ఆ ఏడాది ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో పోర్టర్లు యూనియన్ పెట్టుకున్నారు. పుల్‌మన్ కంపెనీ షికాగోదే, నల్లజాతివాళ్లకు ఎక్కువ ఉద్యోగాలిచ్చే సంస్థల్లో ఒకటి, ప్రకటనలు కూడా ఇస్తుంది. డిఫెండర్ యూనియన్‌ను వ్యతిరేకించింది. పత్రికను రాష్ట్రాలు దాటించిన చేతులు అవే, వాటి సంఘాన్నే కాదంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. పత్రికను బహిష్కరించమని యూనియన్ పిలుపునిచ్చింది. 1927 చివర్లో డిఫెండర్ వైఖరి మార్చుకుని యూనియన్ పక్కన నిలబడింది. ఆ మార్పు ఆలస్యమైనా జరగడం మంచిదే. పంపిణీ చేసేవాళ్లను జీతం లేని గొలుసుగా చూస్తే వచ్చే ప్రమాదం ఇది. వాళ్లకూ ఒక పక్షం, ఒక కోరిక ఉంటాయి. పుల్‌మన్ కంపెనీ యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది 1937 ఆగస్టులో.

ఇచ్చిన చెయ్యి

అబట్ దానాల్లో రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది మనిషిని చూసి ఇచ్చింది. షికాగో బార్బరు షాపులో గోళ్లు దిద్దే బెస్సీ కోల్‌మన్‌కు విమానం నడపడం నేర్పడానికి అమెరికాలో ఎవరూ ఒప్పుకోకపోతే, ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్స్ వెళ్లమని సలహా ఇచ్చి, సాయం చేసి, తిరిగొచ్చాక పత్రికలో ఎత్తి రాశారు. ఆమెకు 1921 జూన్ 15న అంతర్జాతీయ పైలట్ లైసెన్సు వచ్చింది. జర్మనీలో ఉన్న సవతి తండ్రి బంధువులకు డబ్బు పంపేవారు. తన తండ్రిని బానిసగా ఉంచుకున్న కుటుంబం వారసులు కష్టాల్లో పడితే వాళ్లకూ పంపారు. తండ్రి పేర సెయింట్ సైమన్స్‌లో స్మారక స్తంభం నిలబెట్టారు.

రెండో రకం పిల్లల పేజీ. 1923లో డిఫెండర్ పిల్లల కోసం ఒక విభాగం మొదలుపెట్టి, ‘బడ్ బిల్లికెన్’ అనే ఊహాపాత్రను దానికి ఎడిటరుగా పెట్టింది. మొదట ఆ పేరుతో కూర్చుని రాసింది పదేళ్ల బాబు. పత్రికలోని కూపన్ కత్తిరించి పేరు, ఊరు రాసి పంపిన పిల్లలకు సభ్యత్వ కార్డు, బ్యాడ్జీలా పెట్టుకునే గుండీ వచ్చేవి. మిసిసిపీలోని పత్తి చేను పక్క పిల్లకూ, షికాగో బస్తీ పిల్లకూ ఒకే గుండీ. ఖర్చు తక్కువ, కానీ ఇంట్లో పత్రిక తప్పనిసరి చేసింది. 1929 ఆగస్టులో ఆ పిల్లలందరితో షికాగోలో ఊరేగింపు, వాషింగ్టన్ పార్కులో ఉచిత తినుబండారాలతో పిక్నిక్ పెట్టారు. మనిషిని చూసి ఇచ్చిన దానాలు ఆ మనిషితో ముగిశాయి. ఈ ఊరేగింపుకు మాత్రం ఏటా ఒక రోజు, ఒక దారి, దాన్ని నడిపే ఒక గుంపు ఏర్పడ్డాయి.

1930 అబట్‌కు గోరుచుట్టు మీద రోకటిపోటు. జులై 31న షికాగో నల్లజాతివాళ్ల ప్రధాన బ్యాంకు బింగా స్టేట్ బ్యాంకు మూతపడింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన ఒక మాసపత్రిక తెచ్చారు. కొనేవాళ్ల జేబులు ఖాళీ అయ్యే వేళ కొత్త అచ్చు భారం నెత్తికెత్తుకోవడం తప్పు. 1933లో అది ఆగింది. కసాయిశాలల్లో ముందుగా పని పోయింది డిఫెండర్ పాఠకులకే. 1935కి సర్క్యులేషన్ 73,000కు పడిపోయింది. పత్రికను నిలబెట్టడానికి సొంత డబ్బు పోశారు. ఆరోగ్యం కూడా అప్పటికే చెడింది.

ఒక్కటి మాత్రం సకాలంలో చేశారు. సవతి తమ్ముడి కొడుకు జాన్ సెంగ్‌స్టాక్‌ను తాను చదివిన హాంప్టన్‌లోనే చదివించి, 1934 నుంచి పక్కన కూర్చోబెట్టి పని నేర్పారు. 1940 ఫిబ్రవరి 29న అబట్ కన్నుమూశారు. సరిగ్గా ఆ రోజే షికాగోలో దేశంలోని నల్లజాతి పత్రికల యజమానుల తొలి సమావేశం సెంగ్‌స్టాక్ చొరవతో మొదలైంది. అక్కడ పుట్టిన సంఘానికి ఆయనే తొలి అధ్యక్షుడు. 1942లో ప్రభుత్వం ఈ పత్రికల మీద దేశద్రోహం కేసులు పెట్టే ఆలోచనలో ఉన్నప్పుడు అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్‌ను కలిసి, కేసులు పెట్టబోమన్న మాట తీసుకున్నది కూడా ఆయనే.

డిఫెండర్ 1956లో దినపత్రికైంది. చివరి అచ్చు సంచిక 2019 జులై 10న వచ్చింది, తర్వాత ఇంటర్నెట్‌లోనే. ఊరేగింపు ఇప్పటికీ ఆగస్టు రెండో శనివారం కింగ్ డ్రైవ్ అనే వీధి మీదుగా వాషింగ్టన్ పార్కుకు సాగుతుంది. దారిలో 4742 నంబరు ఇల్లు వస్తుంది. 1926లో అబట్ కొనుక్కున్న ఇల్లు అది. స్కూలు బ్యాండ్లు డప్పులు వాయిస్తూ దాని ముందు నుంచే పోతాయి.